టెంట్ హౌస్ వాళ్ళ ఓమ్నీ

ఆత్మకూరులో మా చిన్నత్త కూతురి పెళ్ళి ప్రధానానికి మా అత్తమ్మ చేరుకునేసరికి విస్తళ్ళు ఎత్తేసి షామియానా విప్పుతున్నారు. నిజానికి ఆ పొద్దున ఉదయగిరిలో అందరికంటే ముందు తయారై, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చున్న మనిషి ఆమే. మేం నలుగురం, అంటే నేను, మా ఆయన, పదేళ్ళ కూతురు, ఏడేళ్ళ కొడుకు, ఒక్క స్కూటర్ మీద ఇరుక్కుని బయల్దేరాం. స్కూటర్ మీద ఐదో మనిషికి చోటు లేదు. ఉన్నా ఆమె ఎక్కదు. ఒకసారి రోడ్డు మీద ఆరబోసిన వడ్లలో మా ఆయన బండి జారినప్పుడు ఆమె వెళ్ళి ఆ కుప్పలో కూలబడింది. దెబ్బ తగల్లేదు గానీ, అప్పట్నించి స్కూటర్ కనబడితే కుచ్చిళ్ళు సర్దుకుని దూరంగా నిలబడేది.

అందుకని ఆమెను బస్సెక్కించాం. ఆ బస్సు దుత్తలూరు దాటాక పంచరై ఆగింది. వెంట ఉన్న టైరూ పంచరే. ఇంకో బస్సు వచ్చేదాకా, పెళ్ళికూతురికి పెట్టాల్సిన పట్టుచీరను ఎండ తగలకుండా పైటకొంగు కింద దాచుకుని, ఆమె రోడ్డు పక్క కూర్చుంది.

కోపంగా వస్తుందని భయపడ్డాను. ఆమె మాత్రం పందిట్లోకి వచ్చి, కాళ్ళు కడుక్కుని, "కూర అడుగునన్నా మిగిలుండాదా?" అని అడిగి, మిగిలినదాన్ని హాయిగా తిన్నది. చెయ్యి కడుక్కుంటూ మా ఆయనతో, సంతకు పోయేవాడికి ఉల్లిగడ్డలు తెమ్మని పురమాయించినట్టు అన్నది:

"అబ్బయ్యా, ఒక కారు కొనరా."

మా ఆయన నవ్వాడు. ఉదయగిరి హైస్కూల్లో లెక్కల మాస్టారు ఆయన. నేను సీతారామపురం వైపు ఒక పల్లెలో ఎలిమెంటరీ స్కూలు టీచర్ని. అప్పట్లో మా వీధిలోకి కారు వచ్చిందంటే ఎవరికో ఒంట్లో బాగాలేదనో, ఎలక్షన్లు వచ్చాయనో అర్థం. మాలాంటి వాళ్ళ ఇంటి ముందు కారు ఉండటం ఎవరూ చూడలేదు.

"నవ్వతావేందిరా? ఇద్దరు సంపాదిస్తా ఉండారు. నేనేమన్నా యిమానం అడిగినానా?" అన్నది అత్తమ్మ.

అక్కడే కుర్చీలో కూర్చున్న చిన్నమామ వెంటనే గొంతు సవరించుకున్నాడు. ఈయన మా అత్తమ్మ చెల్లెలి భర్త. ముప్పై ఏళ్ళు బస్సు నడిపి రిటైరైన మనిషి. ఇంట్లో మంచం మీద కూర్చున్నా చేతులు ముందుకు చాపి, ఏదో పట్టుకున్నట్టే కూర్చునేవాడు. ఆత్మకూరులో బండ్ల విషయం ఎవరు మాట్లాడినా ఆఖరి మాట తనదే కావాలి ఆయనకు.

"కొంటే అంబాసిడరే కొనాల. తక్కినవి కార్లు గాదు, డబ్బాలు," అన్నాడు.

అలా మొదలైంది. కొత్త కారు మా తాహతుకు అందేది కాదని మాకు తెలుసు. ఆ వేసవికి నా చీటీ పాడుకోవచ్చు. ఆ డబ్బులో వచ్చే పాత కారు ఏదైనా సరే, అప్పు మాత్రం చెయ్యకూడదని నేనూ మా ఆయనా అనుకున్నాం. ఇక ఇంట్లో ఎవరి షరతులు వాళ్ళవి. అత్తమ్మకు మోకాళ్ళ నొప్పులు, కాబట్టి వంగకుండా ఎక్కగలిగే బండి కావాలి. కూతురికి పాటల టేపు ఉండాలి. కొడుకుకు హారన్ గట్టిగా మోగాలి. మా ఆయనకు పెట్రోలు తక్కువ తాగాలి. నన్నెవరూ అడగలేదు. అడిగి ఉన్నా చెప్పడానికి నాకూ ఏమీ తోచి ఉండేది కాదు. కారు కొంటే మా ఆయన నడుపుతాడు, నేను పక్కన కూర్చుంటాను, అంతే అనుకున్నాను. ఆయన పెళ్ళికాక ముందే నెల్లూరులో డ్రైవింగ్ నేర్చుకుని లైసెన్స్ తీసుకున్నాడు. ఆ తర్వాత దాన్ని పర్సులో పెట్టుకుని తిరగడమే తప్ప స్టీరింగ్ ముట్టుకున్నది లేదు.

ఆత్మకూరు బస్టాండు దగ్గర స్పేర్ పార్టుల కొట్టు పెట్టుకున్న ఒకాయన పాత బండ్లు ఇప్పించేవాడు. నోరు మూతపడని మనిషి. ఒక ఆదివారం ఆరాధన ముగిశాక అందరం బస్సులో వెళ్ళి ఆయన ముందు నిలబడ్డాం. చిన్నమామ భుజం మీద తువ్వాలు వేసుకుని అప్పటికే అక్కడ ఉన్నాడు.

"సార్, మీ అదృష్టం. నిన్ననే వచ్చినాది. అంబాసిడర్. డాక్టరు గారి బండి. ఆదివారం చర్చికి తప్ప బయటికి తియ్యలా," అన్నాడు బ్రోకరు.

బండి ఒక రైస్‌మిల్లు వెనక తవుడు బస్తాల పక్కన ఉంది. తెల్ల రంగే గానీ తవుడు పడి పసుపుపచ్చగా కనిపించింది. అత్తమ్మ తలుపు తీసి, వంగకుండా ఎక్కి, వెనక సీటులో కాళ్ళు చాపుకుని, "అబ్బా, హాల్లో కూచున్నట్టుండాది," అన్నది. పిల్లలిద్దరూ ఆమె చుట్టూ దొర్లారు. చిన్నమామ నా వైపు చూసి, నేను చెప్పలా అన్నట్టు తలాడించాడు.

మా ఆయన స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. ఆ బండికి గేరు స్టీరింగ్ పక్కనే ఉంటుంది. ముందుకు పోవాల్సిన బండి వెనక్కి పోయింది. మెల్లగానే పోయింది గానీ తవుడు బస్తాల దొంతర మీదికి పోయింది. బస్తా పగిలి తవుడంతా లేచింది. మిల్లు వాళ్ళు పరిగెత్తుకొచ్చారు. పొగలాంటి ఆ తవుడు మధ్య నుంచి అత్తమ్మ గొంతు వినిపించింది.

"ఏం గాలేదురా, నేను బాగానే ఉండా. మళ్ళా పోనీయ్!"

చిన్నమామ తనే ఎక్కి నడిపి చూపించాడు. బండి బాగానే నడిచింది గానీ, ఒక వీధి తిరిగి వచ్చేలోపు పెట్రోలు ముల్లు కిందికి జారిన తీరు చూసి మా ఆయన లెక్కల మాస్టారి ముఖం పెట్టాడు. ఉదయగిరి నుంచి ఆత్మకూరుకు ఒకసారి వచ్చి పోతే ఎంతవుతుందో మనసులో వేసుకుంటున్నాడని నాకు అర్థమైంది. పైగా ఆ బండి డాక్టరుది కాదనీ, మొదట్నించీ మిల్లుదేననీ, ఆదివారం కూడా బియ్యం మోసేదనీ మిల్లు గుమస్తా మాటల్లో చెప్పేశాడు. ఆయన మాకు మజ్జిగ కూడా ఇప్పించాడు. తవుడు బస్తా డబ్బులు తీసుకోలేదు.

రెండు వారాల తర్వాత బ్రోకరు దగ్గర్నించి కబురు వచ్చింది. ఈసారి పద్మిని. లేత నీలం రంగు, ముద్దొస్తున్న కారు. దాన్ని చూడగానే మా అమ్మాయి, "అమ్మా, ఇదే, ఇదే," అని నా కొంగు లాగింది. లోపల టేపు కూడా ఉంది.

"డాక్టరు గారి బండి మేడం," అన్నాడు బ్రోకరు.

"ఆయన వేరే డాక్టరా?" అన్నాను.

"వేరే మేడం. పళ్ళ డాక్టరు."

అత్తమ్మ ఎక్కింది. ఎక్కడమంటే, వెనక్కి తిరిగి సీటు మీద కూర్చోబోయి, అనుకున్న దానికంటే కిందికి, ఇంకా కిందికి పోయింది. సీటు స్ప్రింగులు ఎప్పుడో కూర్చుండిపోయాయి. ఆమె మోకాళ్ళు గడ్డం దగ్గరికి వచ్చాయి. తలుపు వేస్తే, లోపలి నుంచి తెరుచుకోలేదు. బయటి నుంచి తీసి మా ఆయనొక చెయ్యీ నేనొక చెయ్యీ పట్టి లాగాం. ఆమె సగం లేచి, నవ్వు వచ్చి, పట్టు తప్పి మళ్ళీ కూలబడింది. ఆ నవ్వు మాకూ అంటుకుంది. నవ్వుతున్నవాళ్ళకు బలం ఉండదు కదా. ఆమె లేవలేదు, మేం లాగలేం.

"బాయిలో పడినట్టుండాది రా అబ్బయ్యా. గాలం తెచ్చి తియ్యండి," అంటూ కళ్ళు తుడుచుకుంది.

"రెండు దిండ్లేసుకుంటే సరిపోద్ది అవ్వా," అన్నాడు బ్రోకరు.

"దిండ్లు నా దగ్గరుండాయి నాయనా. వాటికోసం కారు ఎందుకు?"

ఆఖరికి చిన్నమామ కూడా చెయ్యేస్తే బయటపడింది. మా అమ్మాయి మాత్రం ఆ నీలం కారును వదల్లేక దాని అద్దంలో జడ సర్దుకుంటూ చాలాసేపు నిలబడింది. దాన్ని బుజ్జగించడానికి బస్టాండులో సోడా తాగించాల్సి వచ్చింది.

బడులకు వేసవి సెలవులు ఇచ్చాక మూడోసారి వెళ్ళాం. బ్రోకరు ఈసారి మమ్మల్ని కాలేజీ గ్రౌండు దగ్గరికి తీసుకుపోయాడు. ఎదురుగా ముక్కు లేని తెల్ల వ్యాను నిలబడి ఉంది. ఓమ్నీ. పక్క తలుపు గీతలు పడి, ఒక చోట సొట్ట పోయి ఉంది.

"ఇదెవరిది? కళ్ళ డాక్టరుదా?" అన్నాడు మా ఆయన.

బ్రోకరు తల గోక్కున్నాడు. "లేదు సార్. దాచేదేముంది. ఇది టెంట్ హౌస్ వాళ్ళది. గిన్నెలూ, సాంబారు డేక్సాలూ మోసినాది. ఇంజను మాత్రం బాగుంటాది."

పక్క తలుపు సర్రున జరిపాడు. లోపలి నుంచి సాంబారు వాసన గుప్పున కొట్టింది. అడుగున పసుపు మరకలు. అత్తమ్మ ముక్కు ఎగబీల్చి, "మా పాప ప్రధానానికి భోజనాలు తెచ్చినాది ఈ బండేనా?" అని అడిగింది.

"ఇదే అవ్వా."

"అంటే నాకంటే ముందు చేరిన బండి అన్నమాట," అంటూ ఒక చెయ్యి తలుపు మీదా, ఒక చెయ్యి సీటు మీదా వేసి, బస్సెక్కినట్టు ఎక్కి కిటికీ పక్క కూర్చుంది. వంగనూ లేదు, లేవడానికి ఎవర్నీ పిలవనూ లేదు. మళ్ళీ దిగి, మళ్ళీ ఎక్కింది. "మూడు బండ్లలో ఈ పిల్లోడు నిజం చెప్పింది దీని గురించే. ఇదే కొందాం," అన్నది.

చిన్నమామకు నచ్చలేదు. "ముందర ఇంజను లేదు, ముక్కు లేదు. ఇదేం బండి వదినా? దేనికన్నా తగిలితే మొదట తగిలేది మనకే," అన్నాడు.

ఆ మాట మా ఆయన మనసులో నాటుకుందో ఏమో, స్టీరింగ్ ముందు కూర్చోగానే బిగుసుకుపోయాడు. ఆయన నేర్చుకున్నది పొడుగు ముక్కు కారు మీద. ఇక్కడ అద్దం కిందే రోడ్డు మొదలవుతుంది. పది గజాలు పోనిచ్చి, ఎదురుగా ఏమీ లేకపోయినా గట్టిగా బ్రేకు తొక్కాడు. మళ్ళీ పోనిచ్చాడు, మళ్ళీ తొక్కాడు. వెనక మేమందరం ముందు సీటుకు తగులుకున్నాం. ఆయన దిగి, చెమట తుడుచుకుంటూ, "రోడ్డంతా మీదికొచ్చినట్టుండాది," అన్నాడు.

నాకు ఆ క్షణంలో ఎందుకు అనాలనిపించిందో ఇప్పటికీ చెప్పలేను.

"నేను కూచుంటా ఒకసారి," అన్నాను.

అందరూ నా వైపు చూశారు. బ్రోకరు, అమ్ముడుపోతే చాలనుకున్నాడేమో, "కూచోండి మేడం, కూచోండి," అని తలుపు తీశాడు.

కూర్చున్నాను. కూర్చోగానే నాకు వరికుంటపాడు దగ్గర మా ఊరి దారి గుర్తొచ్చింది. మా నాయన పొగాకు బండి తోలేటప్పుడు నన్ను ముందు కూర్చోబెట్టుకుని పగ్గాలు నా చేతికిచ్చేవాడు. పన్నెండేళ్ళు వచ్చేసరికి ఒక్కదాన్నే పొలం నుంచి ఇంటికి బండి తోలుకొచ్చేదాన్ని. పెద్దమనిషినయ్యాక మాన్పించారు. ఇక్కడ ఎద్దులు లేవు గానీ ఎత్తు అదే, కాళ్ళ కిందే కదిలిపోయే నేల అదే. మా ఆయనను భయపెట్టిన సంగతే నాకు ధైర్యమిచ్చింది.

బ్రోకరు పక్కన కూర్చుని క్లచ్ ఏదో, గేరు ఏదో చెప్పాడు. మొదటిసారి బండి గబుక్కున ఎగిరి ఆగిపోయింది. రెండోసారీ అంతే. మూడోసారి కాలు మెల్లగా వదిలాను. కదిలింది. గ్రౌండులో క్రికెట్ ఆడుతున్న పిల్లలు వికెట్లు పీక్కుని పక్కకు పరిగెత్తారు. మా ఆయన చెప్పులు చేతిలో పట్టుకుని బండి వెంట పరిగెత్తుతూ, "నిదానం! నిదానం! ఆపు!" అని అరుస్తున్నాడు. వెనక నుంచి అత్తమ్మ, "పోనీయ్ మే, పోనీయ్! వాడట్టనే అరస్తాడు," అంటోంది. పిల్లలిద్దరూ చప్పట్లు. నా కొడుకు ముందుకు వంగి హారన్ నొక్కాడు. అది చాలా గట్టిగా మోగింది.

గ్రౌండు చుట్టూ ఒక పెద్ద చుట్టు తిరిగి ఆపాను. ఆపానంటే, బండి దానంతట అదే ఆగిపోయింది.  నా ముఖం మీద నవ్వు ఎంత ఆపుకున్నా ఆగలేదు.

చిన్నమామ తువ్వాలు దులిపి మళ్ళీ భుజాన వేసుకున్నాడు. "ముప్పై ఏళ్ళు ఈ రోడ్ల మీద బస్సు నడిపినాను. ఆడమనిషి స్టీరింగ్ పట్టుకున్నది నేను చూళ్ళా," అన్నాడు.

"ఇప్పుడు చూసినావు గదా," అన్నది అత్తమ్మ.

"ఉదయగిరిలో నవ్వతారు వదినా."

"నవ్వనీయ్. నవ్వితే వాళ్ళ పళ్ళేమన్నా ఊడతాయా?"

అందరూ మా ఆయన వైపు తిరిగారు. ఆయన పాదాలకు అంటిన మట్టి దులుపుకుని చెప్పులు వేసుకుంటున్నాడు. చిన్నబుచ్చుకున్నాడేమో అనుకున్నాను. ఆయన లేచి, చిన్నమామతో మెల్లగానే అన్నాడు గానీ అందరికీ వినిపించింది.

"నాకు ఈ బండి చేత గాదు చిన్నాయనా. తనకు వస్తాది. నువ్వు నేర్పితే ఇంకా బాగా వస్తాది."

 తను నేర్పితే బాగా రాదని చిన్నమామ ఎలా అంటాడు?

ఆ సాయంత్రం ఉదయగిరి బస్సెక్కాం. దుత్తలూరులో ఆగినప్పుడు మా ఆయన శనక్కాయలు కొని పొట్లం నా చేతిలో పెట్టి, "నీకు భయం వెయ్యలేదా?" అని అడిగాడు.

"వేసింది."

"మరి?"

"బాగుందండీ," అన్నాను.

ఆయన పెద్దగా నవ్వాడు. ముందు సీటు వాళ్ళు తిరిగి చూశారు. దారంతా ఆ గ్రౌండులో తను పరిగెత్తిన తీరు తనే వర్ణించి పిల్లల్ని నవ్విస్తూ వచ్చాడు.

బేరం అత్తమ్మ ఆడింది. సొట్ట చూపించి కొంత, గీతలు చూపించి కొంత, "సాంబారు వాసనకు నువ్వే మాకు ఎదురివ్వాల నాయనా," అని ఇంకొంత తగ్గించింది. చీటీ డబ్బు సరిపోయింది. బ్రోకరు కమిషన్ పుచ్చుకుంటూ, "అవ్వా, మా కొట్లో కూచుంటావా? సగం వాటా ఇస్తా," అన్నాడు.

సెలవుల్లో కొన్నాళ్ళు నేనూ పిల్లలూ చిన్నత్త ఇంట్లోనే ఉన్నాం. రోజూ తెల్లవారి ఎండ ముదరకముందే చిన్నమామ నన్ను బండెక్కించేవాడు. ఖాకీ చొక్కా లేదు గానీ ఆ దర్జా అంతా ఉండేది. ఎడమ సీటులో కూర్చుని, డాష్‌బోర్డు మీద రెండుసార్లు తట్టి "రైట్" అనేవాడు. ఒకసారి తడితే ఆపాలి. భయం వేసినప్పుడు తన కాలి కింద బ్రేకు లేకపోయినా నేలను తొక్కేవాడు. ఆయన మొత్తం పాఠం బస్సు పాఠమే. వంపు దగ్గర, "వెడల్పుగా తిప్పు, వెనక బాడీ ఉండాది," అనేవాడు. మా వెనక ఏ బాడీ లేదు. అయినా అలాగే తిప్పేదాన్ని. ఇప్పటికీ నేను వంపు తిరిగితే పక్కన బస్సు పట్టేంత చోటు వదులుతానని మా పిల్లలు వెక్కిరిస్తారు.

ఒకరోజు నెల్లూరు రోడ్డు మీద పోతుంటే, "స్టాపు వస్తా ఉండాది, నిదానం," అన్నాడు. అలవాటుగా అన్నాడో, నేర్పడానికన్నాడో, నేను నిజంగానే ఆపాను. అక్కడ నిలబడ్డ ఒక ముసలాయన తలుపు జరిపి, మూట లోపల పెట్టి, ఎక్కి కూర్చుని, "సంగం ఒకటి," అని చిల్లర చాపాడు.

నేను నోరు తెరిచి చిన్నమామ వైపు చూశాను.

"కూచోనీయ్. ప్యాసింజరు ఉంటేనే డ్రైవింగ్ ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేస్తాం," అని రెండుసార్లు తట్టాడు. అలా సంగం దాకా పోయాం. నా జీవితంలో మొదటిసారి అంత దూరం. దిగేటప్పుడు గానీ ఆ ముసలాయన చూడలేదు స్టీరింగ్ ముందు ఎవరున్నారో. చిల్లర మళ్ళీ చాపాడు. నేను వద్దన్నాను. "బాగా తోలినావు తల్లీ. కుదుపే లేదు," అని మూట ఎత్తుకున్నాడు. వెనక్కి వచ్చేటప్పుడు చిన్నమామ ఆ మాటను తనకే చెప్పినట్టుగా రెండుసార్లు తలుచుకున్నాడు. ఇంటికి రాగానే చిన్నత్తతో, "ఒక్క కుదుపు లేదంట!" అన్నాడు.

లైసెన్స్ వచ్చాక అందరం కలిసి బండిలో ఉదయగిరికి బయల్దేరాం. పక్క సీటులో మా ఆయన, వెనక అత్తమ్మ, పిల్లలు, చిన్నత్త కట్టిచ్చిన పులిహోర. ఊరు దగ్గరపడి కొండ మీద కోట గోడలు కనబడేసరికి గేరు తగ్గించి స్టీరింగ్ గట్టిగా పట్టుకున్నాను. బజారులో టీ అంగడి దగ్గర గ్లాసులు నోటి దగ్గరే ఆగిపోయాయి. ఎవరో "రేయ్, మాస్టారమ్మ రా!" అన్నారు. ఒకరిద్దరు నవ్వారు కూడా. అత్తమ్మ కిటికీలోంచి చెయ్యి ఊపుతూనే ఉంది, ఎలక్షన్లలో గెలిచిన మనిషిలాగా.

మర్నాడు ఆదివారం బండి మీద ప్రార్థన చెయ్యడానికి చర్చి అయ్యగారు వచ్చారు. వీధిలో సగం మంది గుమికూడారు. అందరం కళ్ళు మూసుకున్నాం. అయ్యగారు బండి మీద చెయ్యి పెట్టి, ప్రయాణాల్లో తోడుండమనీ, చక్రాలను కాపాడమనీ చక్కగా ప్రార్థించి, "ఈ వాహనము నడుపు నీ దాసుని..." అంటుండగా అత్తమ్మ అడ్డు తగిలింది.

"దాసురాలు అయ్యగారూ," అన్నది.

ఆయన ఒక్క క్షణం ఆగి, "దాసురాలిని, ప్రభువా, నీ దాసురాలిని," అని సర్దుకున్నారు. నా పక్కన నిలబడ్డ మా ఆయన భుజాలు నవ్వుతో ఊగడం, కళ్ళు మూసుకునే ఉన్నా, నాకు తెలిసింది.

ఆ బండికి గేరు రాడ్డు మీద బొడిపె ఉండేది కాదు. ఊడిపోయిన చోట టెంట్ హౌస్ వాళ్ళు గుడ్డ చుట్టారు. మా ఎదురింటాయన చెక్కతో చెంచాలు, ఫోర్కులు చెక్కే పనివాడు. ఒకరోజు వచ్చి, నా అరచెయ్యి చాపమని కొలత చూసుకుని, మా కొండల్లో దొరికే నర్ది చెక్కతో నున్నటి బొడిపె ఒకటి చేసి తెచ్చాడు. పైన చిన్న పువ్వు కూడా చెక్కాడు. అది చేతిలో పట్టుకుంటే ఎంత ఎండలోనైనా చల్లగా ఉండేది. మిగతా బండి మాత్రం చల్లగా ఉండేది కాదు. ఇంజను సీటు కిందే కావడంతో ఎండాకాలం పెనం మీద కూర్చున్నట్టే ఉండేది. ఎండ ఎక్కువైన రోజున ఎక్కడో అట్టడుగు నుంచి సాంబారు వాసన లేచేది. ఎన్నిసార్లు కడిగినా పోలేదు. బడికి పోతూ దారిలో ఎక్కించుకునే మా తోటి టీచర్లు, "మధ్యాహ్నం అన్నం టైం అయినట్టుండాది," అని నవ్వేవాళ్ళు.

బడి పిల్లలకు ఆ పక్క తలుపంటే పిచ్చి. నేను రాగానే దాన్ని జరపడానికి వంతులు వేసుకునేవాళ్ళు. నేను దిగకముందే నాలుగైదుసార్లు తెరిచి మూసేవాళ్ళు. ఊరి ఆడవాళ్ళు మొదట దూరం నుంచి చూశారు. తర్వాత పసిబిడ్డకు జ్వరమనో, సీతారామపురంలో పనుందనో దగ్గరికి వచ్చారు. ఆ తర్వాత ఏ పనీ లేకుండానే ఎక్కి కూర్చుని, "ఆ వంపు దాకా తీసకపో టీచరమ్మా, దిగి నడిచొస్తాం," అనేవాళ్ళు. తీసుకుపోయేదాన్ని.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. సోమశిల డ్యాం గేట్లు ఎత్తారని వినగానే అత్తమ్మ పోదామంది. ఆత్మకూరులో చిన్నత్తనూ, చిన్నమామనూ కూడా ఎక్కించుకున్నాం. నీళ్ళు తెల్లగా నురగలు కక్కుతూ పడుతుంటే, తుంపర ఎగిరొచ్చి మమ్మల్నీ బండినీ తడిపింది. వేయించిన చేపలు కొనుక్కొచ్చి, పక్క తలుపు పూర్తిగా జరిపి, అక్కాచెల్లెళ్ళిద్దరూ కాళ్ళు బయటికి వేలాడేసి కూర్చుని తిన్నారు. ముళ్ళు తీసి పిల్లలకు పెడుతూ, తమ చిన్నప్పటి ఎవరి సంగతో చెప్పుకుని ఒకరి భుజం ఒకరు చరుచుకుని నవ్వారు. చిన్నమామ బండి చుట్టూ తిరుగుతూ, చూడ్డానికి వచ్చినవాళ్ళకు దాని ఇంజను గొప్పతనం చెబుతున్నాడు. డబ్బా అన్నది ఆయనేనని ఎవరూ గుర్తు చెయ్యలేదు.

తిరిగి బయల్దేరేటప్పుడు మా ఆయన నా దగ్గరికి వచ్చి, తాళంచెవి కోసం చెయ్యి చాపాడు.

"ఒకసారి చూస్తా," అన్నాడు.

నేను పక్క సీటులోకి జరిగాను. ఆయన కూర్చుని, అద్దం సర్ది, మెడ చాచి కాళ్ళ కింది రోడ్డును చూసి, ఊపిరి పీల్చుకున్నాడు. వెనక నుంచి చిన్నమామ సీటు మీద రెండుసార్లు తట్టాడు. బండి కదిలింది. ఈసారి బ్రేకు తొక్కలేదు. రెండో గేరు వేశాడు. అక్కడే ఉండిపోయాడు. మూడోది వెయ్యమని ఎవరం అనలేదు. రోడ్డుకు రెండు పక్కలా నీళ్ళు నిండిన మడులు, కొంగలు. పిల్లలు బడిలో నేర్చుకున్న పాటేదో ఎత్తుకున్నారు, చిన్నత్త గొంతు కలిపింది.

వెనక నుంచి సైకిల్ గంట మోగింది. గడ్డిమోపు కట్టుకున్న ఒకతను మెల్లగా తొక్కుకుంటూ మా పక్కకు వచ్చి, దాటాలా వద్దా అని సందేహంగా బండిలోకి చూశాడు. మా ఆయన కళ్ళు రోడ్డు మీదే ఉన్నాయి గానీ ఆయనకూ నవ్వు ఆగడం లేదు.

అత్తమ్మ కిటికీలోంచి తల బయటపెట్టి, "నువ్వు పో నాయనా, మాకేం తొందర లేదు," అన్నది.